త్వరగా ర్యాంకు వచ్చింది, మాట వినేవాళ్లు లేరు, నేర్పేవాళ్లూ లేరు: ఏం చేయాలి?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. సైన్యంలో చేరిన కొద్ది కాలానికే సెక్షన్ కమాండర్, అంటే పదిమంది దాకా ఉండే చిన్న దళానికి నాయకుడు అయ్యారు. మీ కింద ఉన్నవాళ్లలో ఇద్దరు మీతో పాటు ట్రైనింగ్ చేసినవాళ్లే. ఇంకొకాయన మీకంటే బాగా సీనియర్, ప్రమోషన్ రాక ఆగిపోయిన మనిషి. చెప్పిన పని చేస్తున్నారు కానీ మీరు వెనక్కి తిరగ్గానే ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. మీ పైన, కొన్ని సెక్షన్లు కలిసిన ప్లటూన్‌ను చూసుకునే సార్జెంట్ కూడా ఈ మధ్యే ఆ స్థానంలోకి వచ్చాడు. ఏదైనా అడిగితే "నువ్వే చూసుకో" అంటున్నాడు. ఇంత త్వరగా ప్రమోషన్ ఇవ్వడమే తప్పా, లేక లోపం నాలోనే ఉందా అని అడిగారు.

నేను సెక్షన్ కమాండర్‌గా చేశాను, ప్లటూన్ స్థాయిలో చాలాకాలం ఉన్నాను, చివరి ఏళ్లు కొత్త జూనియర్ లీడర్లకు శిక్షణ ఇచ్చే పనిలో గడిచాయి. మీలాంటి ప్రశ్నతో వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. అందరూ మీలాగే మాట వినకపోవడం గురించి పేజీ నిండా రాస్తారు, నేర్పేవాడు లేకపోవడం గురించి ఒక్క వాక్యంతో సరిపెడతారు. నా లెక్క దీనికి తలకిందులు. మాట వినకపోవడం అన్నది కాస్త బుర్ర పెట్టి నడుచుకుంటే కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. నేర్పేవాడు లేని లోటు దానంతట అది సర్దుకోదు. పైగా అది మీలో కనిపించదు. మూడు నాలుగేళ్ల తర్వాత, మీ చేతి కింద తయారై మీలాగే త్వరగా ర్యాంకు తెచ్చుకున్న కుర్రాడిలో కనిపిస్తుంది.

ముందు మీ "తప్పా?" అన్న ప్రశ్న చూద్దాం. త్వరగా ప్రమోషన్లు ఇవ్వడం సైన్యాలకు కొత్తేం కాదు. యుద్ధంలో నష్టాలు పెరిగినా, సైన్యాన్ని ఒక్కసారిగా పెంచాల్సి వచ్చినా, అనుభవజ్ఞులు సర్వీసు వదిలి వెళ్లిపోతున్నా ఖాళీలు నింపక తప్పదు. ఈ విషయంలో అందరూ ఎత్తే ఉదాహరణ వియత్నాం నాటి అమెరికా సైన్యం. సైనికుడు అక్కడ ఒక ఏడాది పనిచేసి తిరిగొచ్చేసే పద్ధతి. రిజర్వు దళాలను పెద్ద ఎత్తున పిలవకూడదని ప్రభుత్వం అనుకుంది. రెండూ కలిసి అనుభవమున్న సార్జెంట్లు కరువైపోయారు. దాంతో 1967లో జార్జియాలోని ఫోర్ట్ బెన్నింగ్‌లో ఒక కోర్సు మొదలుపెట్టారు. ప్రాథమిక శిక్షణ ముగించిన కుర్రాళ్లలో చురుకైనవాళ్లను ఏరి సుమారు 12 వారాలు క్లాసులు పెట్టారు. ఆ తర్వాత రిక్రూట్ల మధ్య మరికొన్ని వారాలు ప్రాక్టీసు చేయించి నేరుగా సార్జెంట్లను చేశారు. క్లాసులో ముందు వరుసలో నిలిచినవాళ్లకు ఇంకో మెట్టు పైన స్టాఫ్ సార్జెంట్ ర్యాంకే ఇచ్చారు. చేరి ఏడాది తిరక్కముందే చేతి మీద ఆ ర్యాంకు చారలు వచ్చేశాయి. అవే చారల కోసం ఏళ్ల తరబడి చెమటోడ్చిన పాత సార్జెంట్లకు ఒళ్లు మండింది. "ఇన్‌స్టంట్ ఎన్‌సీఓ" అని (ఎన్‌సీఓ అంటే సార్జెంట్ లాంటి, సైనికుల్లోంచి ఎదిగిన జూనియర్ లీడర్), క్షణాల్లో వండుకునే వంట పొడి పేరు మీద "షేక్ అండ్ బేక్" అని పేర్లు పెట్టి వెక్కిరించారు.

ఆ కుర్రాళ్లు ఏమయ్యారు అన్నదే మీకు పనికొచ్చే సంగతి. యుద్ధం ముగిసేలోపు అలా 20 వేల మందికి పైగా తయారయ్యారు. మొత్తం మీద యుద్ధక్షేత్రంలో బాగానే పనిచేశారన్న పేరు తెచ్చుకున్నారు. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. వాళ్లకు చెప్పిన పాఠం ఒక్క ఉద్యోగం చుట్టూ తిరిగింది: ఆ నేల మీద, ఆ శత్రువు ఎదుట, ఒక చిన్న దళాన్ని నడపడం. చెప్పినవాళ్లలో చాలామంది అక్కడి నుంచి అప్పుడే తిరిగొచ్చినవాళ్లు. పాత సార్జెంట్ల ఫిర్యాదు మాత్రం వేరేచోట నిలబడింది. ఈ కుర్రాళ్లకు పోరాటం తెలిసింది కానీ బ్యారక్ తెలియలేదు అన్నారు. కొత్త సైనికుడికి సామాను సర్దుకోవడం నేర్పడం, ఇంటి గొడవతో కుంగిపోయినవాణ్ని గుర్తుపట్టడం, కాగితాల పని, రోజువారీ క్రమశిక్షణ లాంటివి ఎవరి పక్కనో ఏళ్ల తరబడి నిలబడితే వచ్చేవే తప్ప 12 వారాల్లో పట్టుబడవు. ఆ ఫిర్యాదులో అసూయ పాలు ఉంది, నిజమూ ఉంది.

అంటే త్వరగా ప్రమోషన్ వచ్చినవాడు పని చేయలేడు అన్నది అబద్ధం. తను చేసే పనిని పక్కవాడికి అందించడంలో తడబడతాడు అన్నది నిజం. మీరు ఈ రెండింటినీ కలిపేసి "నాకు అర్హత లేదేమో" అని దిగులు పడుతున్నారు. వాటిని విడదీసి చూసుకోండి.

ఇక అధికారం సంగతి. 1959లో జాన్ ఫ్రెంచ్, బెర్ట్రమ్ రేవెన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక మనిషికి ఇంకొకరి మీద ఉండే పట్టును ఐదు రకాలుగా విడగొట్టారు. హోదా వల్ల వచ్చేది, బహుమతి ఇవ్వగలిగినందువల్ల వచ్చేది, శిక్షించగలిగినందువల్ల వచ్చేది, పని తెలిసినందువల్ల వచ్చేది, మనిషి మీద గౌరవం వల్ల వచ్చేది. శిక్షణ కోర్సుల్లో ఇది చెబితే సగం మంది నిద్రపోతారు కానీ మీ సమస్యకు అచ్చంగా అతుకుతుంది. ప్రమోషన్ ఆర్డరుతో పాటు మొదటి మూడూ ఆ రోజే చేతికొస్తాయి. చివరి రెండూ రావు. మామూలు వేగంతో ఎదిగినవాడికి ఆ రెండూ ర్యాంకు కంటే ముందే కొంత సమకూరి ఉంటాయి. అందుకే అతనికి మొదటి మూడింటి అవసరం అరుదుగా పడుతుంది. మీ విషయంలో వరుస తారుమారైంది. చేతిలో ఉన్నవి మొదటి మూడే కాబట్టి వాటినే వాడాలనిపిస్తుంది. వాడిన కొద్దీ చివరి రెండూ ఇంకా దూరం జరుగుతాయి. గొంతు పెంచడం, చిన్న తప్పుకు ఎక్స్‌ట్రా డ్యూటీ వేయడం, "నేను సెక్షన్ కమాండర్‌ని" అని నోటితో చెప్పుకోవడం, అన్నీ ఆ తొందరలోంచి వచ్చేవే. ఆ చివరి మాట ఒక్కసారి అన్నారంటే సెక్షన్ నెలల తరబడి దాన్ని అనుకరిస్తూ నవ్వుకుంటుంది.

దీనికి తిరగబడిన రూపం ఇంకొకటి ఉంది, మంచి కుర్రాళ్లు ఎక్కువగా పడేది అందులోనే. గట్టిగా ఉంటే దూరమైపోతానన్న భయంతో అన్నీ తామే చేస్తారు. మెషిన్ గన్ తామే మోస్తారు, రేడియో సెట్ బ్యాటరీలు తామే మారుస్తారు, రాత్రి సెంట్రీ (కాపలా) డ్యూటీలో కష్టమైన వంతు తామే తీసుకుంటారు. చూడటానికి బాగుంటుంది. నాలుగు రోజులకు కళ్లు ఎర్రబడి నిర్ణయం తీసుకోవాల్సిన గంటలో బుర్ర పనిచేయదు. సెక్షన్‌కు కావాల్సింది తొమ్మిదో రైఫిల్‌మ్యాన్ కాదు. తామందరూ తలా ఒక పనిలో మునిగి ఉన్నప్పుడు తల ఎత్తి చుట్టూ చూసే ఒక మనిషి కావాలి.

మీ అసలు పరీక్ష సెంట్రీ రోస్టర్ రాసేటప్పుడు జరుగుతుంది. ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ కొత్త కమాండర్ గురించి సెక్షన్ అంతా ఒక అభిప్రాయానికి వచ్చేది ఆ కాగితం చూశాకే. రాత్రి రెండు నుంచి నాలుగు దాకా ఉండే వంతు ఎవరికీ ఇష్టం ఉండదు. నిద్ర రెండు ముక్కలవుతుంది, చలి ఎక్కువ, కళ్లు మోసం చేస్తాయి. నిన్నటిదాకా "ఒరేయ్" అని పిలుచుకున్న మీ బ్యాచ్‌మేట్‌కు ఆ వంతు ఎన్నిసార్లు పడిందో మిగతావాళ్లు వేళ్ల మీద లెక్కేస్తారు. మీరు కావాలని ఎక్కువ వేసినా తెలిసిపోతుంది, తప్పించినా తెలిసిపోతుంది. కాబట్టి మీ మనసుతో పని లేకుండా వరుస తిరిగేలా రాసి, అందరికీ కనబడేచోట పెట్టండి. మార్చాల్సి వస్తే ఎందుకు మార్చారో ఆ పక్కనే రాయండి: కాలు బెణికింది, పొద్దున్నే డ్రైవింగ్ ఉంది, అంతే. ఒక నెల తిరిగేసరికి రోస్టర్ గురించి మాట్లాడుకోవడం ఆగిపోతుంది. అధికారం కుదురుకోవడం అంటే చాలావరకు ఇలాగే ఉంటుంది, చప్పుడు లేకుండా.

బ్యాచ్‌మేట్ల విషయంలో ఒక్కసారి విడిగా కూర్చుని మాట్లాడటం తప్పదు. "మన స్నేహం వేరు, డ్యూటీ వేరు" అన్న డైలాగు వద్దు, అది విని ఎవరూ మారిన దాఖలా లేదు. ఇలా చెప్పండి: "అందరి ముందు నా మాట తప్పనిపిస్తే అక్కడ ఆపకు, తర్వాత వచ్చి చెప్పు, వింటాను. ప్రాణాల మీదకొచ్చే విషయమైతే మాత్రం అక్కడికక్కడే ఆపు." ఆ రెండో మాట ముఖ్యం. మీరు గుడ్డి విధేయత కోరడం లేదని వాళ్లకు అర్థమవుతుంది. వీలైతే కొత్తగా ర్యాంకు వచ్చినవాణ్ని వేరే ప్లటూన్‌కో కంపెనీకో మార్చడమే మేలు. మీ పైవాళ్లు ఆ పని చేయలేదు, మనుషుల కొరత అయ్యుంటుంది. అడిగి చూడండి, కాదంటే వదిలేయండి.

ఈ దూరం గురించి ఇజ్రాయెల్ సైన్యం పద్ధతి గుర్తొస్తుంది. అక్కడ తప్పనిసరి సైనిక సేవ. 18 ఏళ్లకు చేరినవాళ్లకు శిక్షణ ఇచ్చే స్క్వాడ్ కమాండర్ వాళ్లకంటే ఏడాదో రెండేళ్లో పెద్ద. ఆ వయసు తేడాతో గౌరవం ఎక్కణ్నుంచి వస్తుంది? అందుకని ప్రాథమిక శిక్షణ అయ్యేదాకా కమాండర్ కావాలనే దూరం పాటిస్తాడు. నవ్వడు, సొంత విషయాలు చెప్పడు. శిక్షణ చివర్లో ఒక రోజు ఆ దూరాన్ని అధికారికంగా తీసేస్తారు, ఆ తర్వాత పేరు పెట్టి పిలుచుకుంటారు. నాకు ఇందులో నచ్చేది దూరం పాటించడం కాదు, అది ఎప్పటిదాకానో ముందే తెలిసి ఉండటం. మీకు ఆ సౌకర్యం లేదు. మీవాళ్లు మిమ్మల్ని స్నానాల గది దగ్గర బనియన్‌తో చూసినవాళ్లు. మధ్యలో గంభీరం తెచ్చుకుంటే వేషంలా ఉంటుంది. ఎప్పటిలాగే ఉండండి, పని దగ్గర మాత్రం వదలకండి.

ఇప్పుడు ఆ సీనియర్ సైనికుడు. ఆయన్ని మీరు అడ్డంకిగా రాశారు. నేనైతే ఆ సెక్షన్‌లో మీకు దక్కిన ఆస్తి అంటాను. ఆయనకు ప్రమోషన్ ఎందుకు రాలేదో తెలుసుకోండి, కానీ దాన్ని బట్టి ఆయన విలువ కట్టకండి. పరీక్ష రాయలేక ఆగిపోయినవాళ్లున్నారు, ఇంటి పరిస్థితుల వల్ల కోర్సుకు వెళ్లలేక ఆగిపోయినవాళ్లున్నారు. ఆయనకు ఆ నేల తెలుసు, వాన వస్తే ఏ దారి మూసుకుపోతుందో తెలుసు, ఏ ఆయుధం ఎప్పుడు మొరాయిస్తుందో తెలుసు. ప్లాన్ వేసే ముందు విడిగా ఆయన దగ్గరికి వెళ్లి అడగండి. అందరి ముందు నిర్ణయం మీరు చెప్పండి. ఆయన చెప్పిందే నిర్ణయమైతే "ఇది ఆయన సలహా" అని ఆయన పేరు పెట్టి చెప్పండి. దొంగతనంగా సలహా తీసుకుని సొంతదిగా చెప్పుకునేవాడికి రెండోసారి సలహా దొరకదు.

దీన్ని చిన్నతనంగా అనుకునేవాళ్లుంటారు. భారత సైన్యంలో లెఫ్టినెంట్‌కూ సుబేదార్‌కూ మధ్య జరిగేది చూస్తే ఆ భ్రమ పోతుంది. అకాడమీ నుంచి కొత్తగా వచ్చిన లెఫ్టినెంట్‌కు ఇరవై ఏళ్లు దాటిన సర్వీసున్న సుబేదార్ సెల్యూట్ చేస్తాడు. ఆ లెఫ్టినెంట్ ఆయన్ని "సాబ్" అని పిలుస్తాడు. ఆర్డర్ లెఫ్టినెంట్ ఇస్తాడు. ఆ ఆర్డర్ ఎలా ఇస్తే పని జరుగుతుందో ముందు రోజు సాయంత్రం సుబేదార్ సాబ్ చెప్పి ఉంటాడు. అధికారం పైనుంచి కిందికి పోతుంది, నేర్పడం కింది నుంచి పైకి వస్తుంది. ఇద్దరి పరువూ నిలబడుతుంది, ఎందుకంటే ఎవరు ఎక్కడ మాట్లాడాలో ఇద్దరికీ తెలుసు. ఈ ఏర్పాటు వల్లే పాతికేళ్లలోపు కుర్రాడి చేతిలో ప్లటూన్ పెట్టగలుగుతున్నారు. 1962 యుద్ధం తర్వాత సైన్యాన్ని వేగంగా పెంచాల్సి వచ్చి, 1963లో మద్రాసులోనూ పుణెలోనూ ఆఫీసర్స్ ట్రైనింగ్ స్కూళ్లు తెరిచి, తక్కువ కాలపు శిక్షణతో ఎమర్జెన్సీ కమిషన్లు, అంటే ఆఫీసర్ హోదా ఇచ్చారు. ఆ కుర్ర ఆఫీసర్లు చేరిన బెటాలియన్లలో పాత జేసీఓలు (సుబేదార్ లాంటి జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు) ఉన్నారు కాబట్టి అకాడమీలో అందని పాఠం అక్కడ అందే వీలుంది. కొత్తవాడి పక్కన పాతవాడు ఉన్నంతకాలం త్వరిత ప్రమోషన్ పెద్ద ప్రమాదం కాదు.

ప్రమాదమంతా పాతవాడు కూడా కొత్తవాడైనప్పుడు. మీ ప్లటూన్‌లో ఇప్పుడు జరిగింది అదే. మీరు కొత్త, సార్జెంట్ కొత్త, బహుశా లెఫ్టినెంట్ కూడా కొత్తే. ఒక మెట్టు మీద త్వరగా ఎక్కించాలంటే పై మెట్టు మీదవాణ్ని కూడా త్వరగా కదిలించాలి కదా. అందువల్ల ఈ కొరత ఎప్పుడూ ఒంటరిగా రాదు, మెట్ల వరుస పొడవునా వస్తుంది. సోవియట్ సైన్యానికి 1937, 1938 సంవత్సరాల్లో జరిగింది దీనికి అతి పెద్ద రూపం. ప్రక్షాళన పేరుతో వేల మంది అధికారులను తొలగించారు, ఎందరినో చంపేశారు. అదే కాలంలో సైన్యం పరిమాణం విపరీతంగా పెరిగింది. కింద ఉన్నవాళ్లు ఒక్కో అంగలో రెండేసి మెట్లు ఎక్కేశారు. అడుగుదామంటే పైనున్నవాడికీ అది కొత్తే. 1939 చివర్లో ఫిన్లాండ్ మీదికి వెళ్లినప్పుడు ఆ లోటు ఎంత ఖరీదైందో తెలిసొచ్చింది.

మరి త్వరగా ఎక్కినవాడికి సరిగ్గా ఏం తగ్గుతుంది? "అనుభవం" అని అందరూ అనేస్తారు, ఆ మాటతో ఏమీ తెలియదు. తగ్గేది సెక్షన్ టూఐసీగా, అంటే కమాండర్ పక్కన రెండో మనిషిగా గడపాల్సిన కాలం. ఆ కాలంలో ఏం జరుగుతుందో పెట్రోలింగ్‌కు బయల్దేరే ముందు జరిగే ఇన్‌స్పెక్షన్‌లో చూడండి. కమాండర్ బ్రీఫింగ్‌లో ఉంటాడు. టూఐసీ వరుసగా ఒక్కొక్కరి ముందు నిలబడతాడు. మేగజీన్ తీసి స్ప్రింగ్ నొక్కి చూస్తాడు. నీళ్ల బాటిల్ ఎత్తి ఊపుతాడు, నిండా ఉంటే చప్పుడు రాదు. రెండు అడుగులు ఎగరమంటాడు, ఏదైనా గలగలమంటే టేపు వేయిస్తాడు. ఫస్ట్ ఎయిడ్ ప్యాకెట్ ఏ జేబులో ఉందో అడగడు, కళ్లు మూసుకుని తీయమంటాడు. ఎవడి బూటు వదులుగా కట్టి ఉందో చూసి కాలికి బొబ్బ ఉందని కనిపెడతాడు. తర్వాత కమాండర్ వచ్చి వాళ్లలో ఒక్కణ్ని మాత్రం మళ్లీ చెక్ చేస్తాడు. ఏదైనా మిగిలిపోయి ఉంటే సైనికుణ్ని ఏమీ అనడు, పక్కకు తీసుకెళ్లి టూఐసీని అడుగుతాడు. ఆ పక్కకు తీసుకెళ్లి అడగడమే మార్గదర్శనం. దానికి క్లాసు లేదు, సర్టిఫికెట్ లేదు. వందసార్లు జరిగాక టూఐసీకి ఏది వదిలేయొచ్చో, ఏది వదలకూడదో ఒంట్లో ఇంకిపోతుంది.

మీకు ఆ వంద సార్లు జరగలేదు. పదో పదిహేనో జరిగి ఉంటాయి. కాబట్టి మీరు ఇన్‌స్పెక్షన్ చేస్తే లిస్టు ప్రకారం చేస్తారు, లిస్టులో లేనిది కనిపించదు. అది పెద్ద నష్టమేం కాదు, కాలంతో పూడుతుంది. అసలు నష్టం ఏమిటంటే, పక్కకు తీసుకెళ్లి అడిగే అలవాటు మీకు ఎవరూ చేయలేదు కాబట్టి మీరూ మీ టూఐసీకి చేయరు. తప్పు కనిపిస్తే మీరే సరిచేసి ముందుకెళ్తారు. పని అయిపోతుంది, రిపోర్టులో అంతా బాగుంటుంది. కింద మాత్రం ఎవడూ తయారు కాడు. త్వరగా ఎదిగినవాళ్లు సాధారణంగా పనిలో చురుకైనవాళ్లు. చురుకైనవాడికి పక్కవాడు తడబడుతుంటే చూస్తూ ఆగడం చాలా కష్టం.

అందుకని మీకు నేను గట్టిగా చెప్పేది, మీ టూఐసీకి చేతినిండా పని ఇవ్వండి. వారంలో ఒక ఇన్‌స్పెక్షన్, ఒక చిన్న పెట్రోల్ ప్లాన్, ఒక ఆయుధ పాఠం పూర్తిగా అతనికే వదిలేయండి. మధ్యలో నోరు మెదపకండి. అయ్యాక కూర్చోబెట్టి ఏమనుకున్నాం, ఏం జరిగింది, తేడా ఎందుకొచ్చింది, రేపు ఏం మార్చాలి అని అడగండి. 1970ల్లో అమెరికా సైన్యం ఆఫ్టర్ యాక్షన్ రివ్యూ అని మొదలుపెట్టిన పద్ధతి సారం ఇదే. అందులో గొప్ప సుగుణం ఏమిటంటే, నడిపేవాడికి అన్నీ తెలిసి ఉండాల్సిన పని లేదు. ప్రశ్న అడగడం తెలిస్తే చాలు, జవాబులు చేసినవాళ్ల నోటి నుంచే వస్తాయి. మీలాంటి కొత్త కమాండర్‌కు ఇంతకంటే అనువైన సాధనం నాకు తెలియదు. ర్యాంకు చూసి నోరు నొక్కేస్తే మాత్రం ఇది పనిచేయదు. కాబట్టి మొదట అందరికంటే జూనియర్‌తో మాట్లాడించండి, మీరు చివర్లో మాట్లాడండి.

మీకు నేర్పేవాళ్ల సంగతికొస్తే, ఒకే మనిషిలో గురువు కోసం వెతకొద్దు. ఆ సీనియర్ సైనికుడి దగ్గర నేల గురించి నేర్చుకోండి. పక్క ప్లటూన్‌లో మామూలు వేగంతో వచ్చిన సెక్షన్ కమాండర్ ఒకడు ఉండే ఉంటాడు. అతని ఇన్‌స్పెక్షన్ జరుగుతుంటే వెళ్లి పక్కన నిలబడి చూడండి, ఎవరూ కాదనరు. కంపెనీలో అందరికంటే సీనియర్ ఎన్‌సీఓ ఎవరో ఆయన్ని నెలకోసారి మీ సెక్షన్ చూడమని పిలవండి. పిలిచి మరీ తప్పులు పట్టించుకునే కుర్రాణ్ని వాళ్లు వదులుకోరు. మనుషుల విషయాలు, అంటే అప్పులు, ఇంటి తగాదాలు, తాగుడు లాంటివి వచ్చినప్పుడు మాత్రం ఒంటరిగా తేల్చడానికి చూడకండి, వయసులో పెద్ద ఎన్‌సీఓ దగ్గరికే వెళ్లండి. అక్కడ తెలివి కంటే బతికిన ఏళ్లు ఎక్కువ పనిచేస్తాయి.

సంస్థలు ఏం చేయాలన్నది మీ చేతిలో లేదు కానీ, చదివేవాళ్లలో కమాండర్లు ఉంటారు కాబట్టి రెండు మాటలు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత వెర్సాయ్ ఒప్పందం జర్మనీ సైన్యాన్ని లక్ష మందికి, అందులో అధికారులను 4 వేలకు కుదించింది. ఆ చిన్న సైన్యంలో ప్రతివాడికీ తన పైమెట్టు పని నేర్పి పెట్టారు. 1935లో నిర్బంధ సైనిక సేవ తిరిగి తెచ్చి సైన్యాన్ని పెంచినప్పుడు పైకి ఎక్కడానికి వాళ్లు సిద్ధంగా ఉన్నారు. ఆ సైన్యం ఎవరికి సేవ చేసి ఏం చేసిందన్నది వేరే చరిత్ర. శిక్షణ విషయంలో మాత్రం, ప్రమోషన్ ఎంత త్వరగా వచ్చిందన్న దానికంటే దానికి ముందు ఏం జరిగిందన్నదే లెక్కలోకి వస్తుంది. అమెరికా సైన్యం కూడా తిరిగి తిరిగి అక్కడికే వచ్చింది. వియత్నాం అనుభవంతో 1970ల మొదట్లో ఎన్‌సీఓలకు దశలవారీ చదువు ఏర్పాటు చేసింది. 2016 నుంచి కోర్సు ముగిస్తేనే ర్యాంకు అన్న నియమం పెట్టింది. 2021 జులైలో, మొదటి నాయకత్వ కోర్సు పాసై సార్జెంట్ ప్రమోషన్‌కు సిఫారసు అయిన స్పెషలిస్టును (సార్జెంట్‌కు కింది ర్యాంకు సైనికుణ్ని) కార్పొరల్ చేసే పద్ధతి తెచ్చింది. జీతం అంతే, గ్రేడు అంతే. కానీ స్పెషలిస్టు ఎన్‌సీఓ కాడు, కార్పొరల్ ఎన్‌సీఓ. సార్జెంట్ కాకముందే చిన్న అధికారంతో తడబడటానికి కొంత చోటు దొరుకుతుంది. నా దృష్టిలో ఇలాంటి ఏర్పాటు మంచిది, ఎందుకంటే అది తగ్గిపోయిన టూఐసీ కాలాన్ని కొంతైనా వెనక్కి తెస్తుంది.

దీనికి ఎదురుగా, అధికారుల వైపు భారత సైన్యంలో 2004 చివర్లో ఏవీ సింగ్ కమిటీ సిఫారసులు అమలయ్యాయి. కమిషన్ అయిన రెండేళ్లకు కెప్టెన్, ఆరేళ్లకు మేజర్, 13 ఏళ్లకు లెఫ్టినెంట్ కల్నల్. పదోన్నతుల్లో ఏళ్ల తరబడి ఆగిపోవడం మీద ఉన్న అసంతృప్తికి అది జవాబు, అవసరమైనదే. కాకపోతే సబాల్టర్న్‌గా, అంటే కెప్టెన్ కంటే కింది ఆఫీసర్‌గా ఉండే కాలం రెండేళ్లే. కొత్త ఆఫీసర్లకు మెస్ మర్యాదల నుంచి మనుషులతో మాట్లాడే తీరు దాకా నేర్పే సీనియర్ సబాల్టర్న్ అనేవాడు కూడా అంతకంటే పాతవాడై ఉండలేడు. అలాంటి చోట కంపెనీ కమాండర్ తన సమయం కొంత అటు పెట్టాలి, పెట్టకపోతే ఆ ఖాళీ అలాగే ఉండిపోతుంది.

ఇంకో సంగతి, ప్లటూన్ సార్జెంట్‌నూ లెఫ్టినెంట్‌నూ ఒకే నెలలో మార్చకండి. ఇద్దరు కొత్తవాళ్లను జత కట్టడం కంటే, ఒక పదవిని కొన్నాళ్లు ఖాళీగా ఉంచి టూఐసీతో నడిపించడం నయం. ఇది మనుషుల కొరతలో కష్టమని నాకు తెలుసు, అయినా చేయగలిగిన సందర్భాలు అనుకున్నదానికంటే ఎక్కువే ఉంటాయి.

మళ్లీ మీ దగ్గరికి వస్తే, "నువ్వే చూసుకో" అంటున్న మీ సార్జెంట్ గురించి. అది నిర్లక్ష్యం అని మీరు రాశారు. కావచ్చు. కానీ అతను కొత్తవాడు, మీ ప్రశ్నకు జవాబు తెలియక, తెలియదని చెప్పలేక ఆ మాట అంటున్నాడనే నేను ఎక్కువగా అనుమానిస్తాను. కాబట్టి "ఏం చేయమంటారు?" అని అడగడం మానేయండి. "ఈ రెండు దారులున్నాయి, నేను మొదటిది అనుకుంటున్నాను, ఇందులో నాకు కనిపించనిది మీకేమైనా కనిపిస్తోందా?" అని అడగండి. జవాబు లేని మనిషి కూడా ఈ ప్రశ్నకు ఏదో ఒకటి చెప్పగలడు. చాలామంది రెండో మూడోసారికి కూర్చోమని కుర్చీ చూపిస్తారు. అప్పటికీ అదే మాట అంటుంటే, మీరు ఎంచుకున్న దారి, కారణం రెండు లైన్లలో రాసి అతనికి ఇచ్చి పనిలోకి దిగండి, సాయంత్రానికి ఏం జరిగిందో చెప్పండి. అతను అడక్కపోయినా చెప్పండి. మీ టూఐసీ అదంతా గమనిస్తూనే ఉంటాడు.